గడప ముందు రెఫరీ

జలంధర్‌కు క్రేన్ అంటే భయం లేదు, పదంతస్తుల ఎత్తంటే భయం లేదు. జగిత్యాల నుంచి ఖతర్ వచ్చి పన్నెండేళ్ళుగా సైట్లలోనే బతికిన మనిషి. ప్రపంచకప్పుకు ఇంకా ఏడాదిన్నర ఉందనగా హడావుడిగా కడుతున్న ఒక స్టేడియంలో సేఫ్టీ ఫోర్‌మన్. రోజూ వందమందిని నిలబెట్టి హెల్మెట్ల గురించి ఉపన్యాసమిస్తాడు. అలాంటి ధీరుడు లోకంలో భయపడేది ఒక్కదానికే: బయలుదేరేటప్పుడు పిల్లి ఎదురురావడానికి.

ఆ పిల్లి ఆయన ఇంట్లోనే ఉంది.

ఉమ్ ఘువైలినాలో వాళ్ళ ఫ్లాటు మెట్ల కింద దొరికిన పిల్లికూనను భార్య సునంద తెచ్చి పెంచింది. నల్లటి ఒళ్ళు, మెడకు తెల్లటి పట్టీ, ఎవరినీ లెక్కచేయని మొహం. రెఫరీ అని పేరు పెట్టింది.

పొద్దున అయిదింటికి జలంధర్ డబ్బా పట్టుకుని తలుపు తీయగానే రెఫరీ గడప ముందు కూర్చుంటుంది. ఆయన వెనక్కొచ్చి, కుర్చీలో కూర్చుని, గ్లాసెడు నీళ్ళు తాగి, మళ్ళీ బయలుదేరతాడు. మళ్ళీ రెఫరీ. మళ్ళీ కుర్చీ, మళ్ళీ నీళ్ళు. మూడో గ్లాసు తర్వాత బాత్రూముకు పరుగెత్తాలి. ఈలోగా కంపెనీ బస్సు వెళ్ళిపోతుంది.

"నీ పిల్లి మల్ల ఎదురొచ్చిందే!"

"అది ఆడనే కూసున్నది. నువ్వే దానికి ఎదురు వోయినవ్."

"రెండు వార్నింగ్ లెటర్లు అచ్చినయ్. మూడోది అస్తే నౌకరీ మాఫీ!"

"లెటర్ రాసింది పిల్లా? నీళ్ళు తాగుమన్నది పిల్లా?"

జలంధర్ దగ్గర ఒక ఉపాయం ఉంది.

శుక్రవారం సెలవు. సునంద పక్కింటికి వెళ్ళగానే రెఫరీని బియ్యం అట్టపెట్టెలో పెట్టి కిందికి దిగాడు. కింద హమీదుద్దీన్ తన కారుతో సిద్ధంగా ఉన్నాడు. అతనిది బోధన్, కంపెనీ బస్సు డ్రైవరు.

"భాయ్, ఇంట్ల పెరిగిన జానవర్‌కు సడక్ ఏం తెలుస్తది? జూన్ ఎండ. నీళ్ళెవరిస్తరు?"

"అజీజియాల అన్నీ పెద్ద పెద్ద విల్లాలు. మనకాడికంటె మంచిగ తింటది. యల్లా, పోనియ్."

అజీజియాలో ఒక విల్లా గోడ పక్కన పెట్టె తెరిచాడు. రెఫరీ పారిపోతుందనుకుంటే, ఆయన కాళ్ళ చుట్టూ రెండుసార్లు తిరిగి, ప్యాంటుకు తల రుద్ది, ఇక ఇంటికి పోదామా అన్నట్టు చూసింది. జలంధర్ కారెక్కాడు. వెనక్కి తిరగలేదు గానీ అద్దంలో చూశాడు. అది పెట్టె పక్కనే కూర్చుని ఉంది.

ఇంటికొచ్చాక సునంద అడిగింది. "రెఫరీ ఏది?"

"దర్వాజ తెరిచుండె. ఎటో పోయింది."

అరుస్తుందని చెవులు సిద్ధం చేసుకున్నాడు. ఆమె మాత్రం గిన్నెలో నీళ్ళు నింపి గడప బయట పెట్టి అక్కడే కూలబడింది.

"నువ్వు పొద్దంత డ్యూటీల ఉంటవ్. ఈ ఇంట్ల నాతోని మాట్లాడేది అదొక్కతే. పొద్దుగాల అది నీకు ఎదురు రాదయ్యా, నిన్ను సాగనంపుతది. నువ్వు పోయినంక నీ చెప్పుల మీద పండుకుంటది, మల్ల నువ్వచ్చేదాక."

జలంధర్ చెప్పుల వైపు చూశాడు. నిండా నల్లటి వెంట్రుకలు. ఇన్నాళ్ళూ సునంద జుట్టు ఊడుతోందనుకున్నాడు.

కంచం ముందు కూర్చున్నవాడు ముద్ద కలపకుండానే లేచాడు. "ఇప్పుడే అస్త" అంటూ మెట్లన్నీ దూకేశాడు. ఫోను ఛార్జింగులోనే ఉండిపోయింది.

కింద హమీదుద్దీన్ కారు కదల్లేదు. "నువ్వు అస్తవని ఎరుకే భాయ్. ఇంజన్ బంద్ చెయ్యలే."

పొద్దున వెళ్ళిన రోడ్డు మధ్యాహ్నానికి లేదు. ప్రపంచకప్పు పనుల కోసం బారికేడ్లు పెట్టి బాణాలు గీశారు. మూడు బాణాల వెంట తిరిగితే మొదటి బాణం దగ్గరికే వచ్చారు. చివరికి అజీజియా చేరితే గోడలన్నీ ఒక్కలాగే ఉన్నాయి. జలంధర్ కారు దిగి, మండుటెండలో గోడగోడకూ వెతుకుతూ "రెఫరీ! రెఫరీ!" అని అరవసాగాడు.

ఒక విల్లా తోటమాలి తల బయటపెట్టాడు. "స్టేడియం ఉధర్ హై భాయ్," అని తెలుగులో గొణిగాడు, "మ్యాచ్‌కు ఇంకా శానా టైముంది."

"అన్నా, నువ్వు తెలుగోనివా! పిల్లిని చూసినవా? నల్లది..."

"కడప సామీ, రామాంజులు నా పేరు. ఆ పిల్లా! అట్టపెట్టె కాడ ఎండకు రొప్పుతా ఉండె. నీళ్ళు తాపి, ఈ సందు చివర జంతువుల ఆస్పత్రిలో పెట్టెతో సహా ఇచ్చొచ్చినా. ఎవడో జాలి లేనోడు వదిలేసి పోయినాడు. వాడు మనిషేనా?"

"కాదన్నా," అన్నాడు జలంధర్, ఆయన మట్టిచేతులు రెండూ పట్టుకుని. "కానే కాదు. నువ్వు సల్లగుండాలె."

ఆ గుక్కెడు నీళ్ళు తన గొంతులోనే పోసినట్టనిపించింది. కళ్ళు తుడుచుకుంటూ పరుగెత్తాడు.

ఆస్పత్రిలో రెఫరీ హాయిగా ఒక ఒడిలో పడుకుని ఉంది. ఒడి సునందది. కుర్చీ కింద బియ్యం పెట్టె.

డాక్టర్ మెహర్ సుల్తానాది హైదరాబాదు. "దీని తోలు కింద చిప్పుంది. మిషన్ పెట్టంగనే యజమాని పేరు వచ్చింది: జలంధర్. ఫోన్ చేస్తే మేడమ్ ఎత్తిన్రు."

"నా పేరు మీదనా?"

"పోయినేడు టీకాలేయించినప్పుడు పెట్టించిన," అంది సునంద. "సరేగాని, దర్వాజ తెరిచుంటే అజీజియా దాంక ఎట్లచ్చింది? మెట్రో ఎక్కిందా? పెట్టె గూడ అదే మోసుకచ్చిందా?"

జలంధర్ కాలితో పెట్టెను కుర్చీ కింద ఇంకా లోపలికి తోశాడు. డాక్టరమ్మ ఊరుకోలేదు. ఎండాకాలం నీళ్ళు, నీడ, ఏటేటా టీకాలు, సెలవుల్లో ఊరికి పోతే నమ్మకమైనవాళ్ళకు అప్పగించడం, ఒక్కొక్కటీ చెప్పి, అర్థమైందా అని అడిగి కాగితం మీద సంతకం పెట్టించుకుంది. వందమందితో రోజూ సంతకాలు పెట్టించుకునే సేఫ్టీ ఫోర్‌మన్ బుద్ధిగా పెట్టాడు.

"ఏమే," అన్నాడు దారిలో. "నువ్వు గా చిప్పు పెట్టియ్యకుంటె నేను జన్మల నీ మొహం చూడకపోదును. నీ పుణ్యమే."

"నాకు కాదు, దానికి చెప్పు."

మర్నాడు అయిదింటికి జలంధర్ తలుపు తీశాడు. గడప ముందు ఎవరూ లేరు. రెఫరీ సోఫా మీద అటు తిరిగి పడుకుంది. ఆయన వెనక్కొచ్చి, కూర్చుని, గ్లాసెడు నీళ్ళు తాగాడు. మళ్ళీ వెళ్ళాడు. లేదు. మళ్ళీ నీళ్ళు. కింద బస్సు హారన్ మోగింది.

"ఇయ్యాల పిల్లి ఎదురు రాలే గద, మల్ల నీళ్ళెందుకు?"

"రాలే గాబట్టే!"

మూడో గ్లాసు కింద పెట్టేసరికి రెఫరీ ఒళ్ళు విరుచుకుని, తీరిగ్గా వచ్చి గడప ముందు కూర్చుంది. జలంధర్ దానికి రెండు చేతులూ జోడించాడు. "పోయొస్త తల్లీ."

హమీదుద్దీన్ బస్సు ఆపే ఉంచాడు. "క్యా భాయ్, పిల్లి దగ్గర సెలవు దొరికిందా?"

"దొరికింది," అని తృప్తిగా సీట్లో కూర్చున్నాడు జలంధర్. బస్సు కదిలింది. మలుపులో కొత్త బారికేడు, పక్కకు చూపిస్తున్న పెద్ద బాణం కనిపించాయి. కడుపులో మూడు గ్లాసుల నీళ్ళున్న సంగతి ఆయనకు అప్పుడు గుర్తొచ్చింది.