పావు చుట్టు

మనిషి గాలిలోకి ఎగిరి ఎన్ని చుట్లు తిరిగిందన్నది ఆ తిరిగిన మనిషికి తెలియకూడదు. స్కేటింగ్ న్యాయం మొత్తం ఈ ఒక్క స్తంభం మీదే నిలబడి ఉంది. తిరిగేవాళ్లు తిరుగుతారు. తిరిగారో లేదో చెప్పడానికి మెడ దాకా గుండీలు పెట్టుకున్న ముగ్గురు పెద్దమనుషులూ, ఒక కెమెరా వేరే ఉంటారు.

హచినోహె అనే రేవు ఊరి ఐసు రింకులో ఆ కెమెరాని ఒక మూల స్తంభానికి కట్టారు. (రెండో మూల నుంచి కూడా చూడొచ్చు కదా అని ఎవరో అడిగారట. రెండు కెమెరాలు పెడితే రెండు నిజాలు బయటికొస్తాయని స్కేటింగ్ సంఘం వద్దంది.) అందులో పట్టిన వీడియోను ముగ్గురూ నెమ్మదిగా తిప్పి చూస్తారు. ఎంత నెమ్మదిగా చూస్తే గెంతు అంత తక్కువ తిరుగుతుందని వాళ్లు అనుభవం మీద కనిపెట్టారు.

తొమాబెచికి ఇవేవీ తెలియవు. ఇరవై ఏడేళ్లుగా ఆ రింకులో ఐసు నున్నగా చేసే బండి నడుపుతున్నాడు, అంతే. కాకపోతే ఐసు మీద గీతలు చదవగలడు. పూర్తిగా తిరిగి దిగిన కాలు కొడవలిలా ఒకే వంపు గీస్తుంది. తక్కువ తిరిగిన కాలు మొదట్లోనే గాలపు ముల్లంత వంకర పెడుతుంది. రేవు ఊళ్లో పుట్టినవాడికి గాలం ముల్లు ఎవరూ చూపించక్కర్లేదు.

ఆ ఆదివారం పోటీలో అందరికంటే చివర దిగింది మినోరి. పదమూడేళ్ల పిల్ల. రెండేళ్లుగా బడికి ముందే వచ్చి మూడు చుట్ల గెంతు ఒక్కటే సాధన చేస్తోంది. మొదటి ఆరుగురు సెందాయ్‌లో పెద్ద పోటీకి వెళ్తారు. ఏడో మనిషి ఇంటికి వెళ్తుంది. మినోరి ఎగిరింది, తిరిగింది, దిగింది. తొమాబెచి బండి మీద కూర్చునే "అబ్బ!" అన్నాడు.

స్కోరు కాగితంలో ఆ గెంతు పక్కన చిన్న బాణం గుర్తుంది. పావు చుట్టు తక్కువట. ఏడో స్థానం.

కోచ్ ఒగాసవర పరుగున వచ్చింది. "తొమాబెచి గారూ, బండి తియ్యకండి! గీత చెరిగిపోద్ది!"

"తియ్యనమ్మా. ఇంజను అలిగింది."

"చప్పుడొస్తోందిగా?"

"అలిగినా చప్పుడు చేస్తది, మా ఆవిడలాగా."

మినోరి చెప్పులు లేని కాళ్లతో, మేజోళ్ల మీదే వచ్చి కంచె పట్టుకుని నిలబడింది. "తాతా, నేను నిజంగా మొత్తం తిరిగానా?"

"నీకు తెలీదా ఏంటే?"

"తెలుసనుకున్నా. కాగితం చూశాక తెలీట్లేదు."

చిక్కేమిటంటే, తీర్పు మీద ఫిర్యాదు చేయకూడదు. కూడికలో తప్పుంటే చేయొచ్చు. కూడిక బంగారంలా ఉంది. (తప్పు అంకెల్ని తప్పు లేకుండా కూడటంలో సంఘానికి మంచి పేరుంది.) కానీ ఐసు మీద మాత్రం ఎవరైనా ఫిర్యాదు చేయొచ్చు. అందుకని ఒగాసవర రాసిచ్చింది: "ఐసు మీద అనుమానించదగ్గ గీత ఒకటి ఉంది. పరిశీలించగలరు."

అయిదు నిమిషాల్లో ఐసు పరిశీలకుడు వచ్చాడు. ఆయన పేరు హోరిగొమె. ఇందాక బాణం గుర్తు పెట్టించిన ముగ్గురిలో పెద్దాయన కూడా ఆయనే. కాకపోతే ఎర్ర బిళ్ల తీసి నీలం బిళ్ల పెట్టుకున్నాడు.

"చూడండి, ఇప్పుడు నేను ఐసు మనిషిని," అన్నాడు నడుము దాకా వంగి. "గెంతుల సంగతి నా దగ్గర ఎత్తకండి. మనసు పాడవుద్ది."

మోకాళ్ల మీద కూర్చుని, మినోరి లెక్కల పెట్టెలోంచి కోణమాపకం అడిగి తీసుకుని, అరగంట కొలిచాడు. మంచి పనిమంతుడు. ముక్కు చివర నీటిబొట్టు గడ్డకట్టినా లేవలేదు. ఆఖరికి రాశాడు: "ఐసుకు లోపం లేదు. దాని మీద పూర్తిగా తిరిగి దిగిన గెంతు గీత ఒకటి ఉన్నది." సంతకం పెట్టి ముద్ర వేశాడు.

ఒగాసవర చప్పట్లు కొట్టింది. "మరి బాణం తీసేస్తారుగా?"

హోరిగొమె నీలం బిళ్ల తీసి ఎర్రది పెట్టుకున్నాడు. "ఏ బాణమండీ? ఐసు శాఖ వాళ్ల కాగితాలు మేం చదవకూడదు. పక్షపాతం అవుద్ది."

"రాసింది మీరేగా, సార్!" అన్నాడు తొమాబెచి.

"అందుకేనయ్యా ఇంకా జాగ్రత్తగా ఉండాలి."

అయినా మంచివాడు కాబట్టి దారి చెప్పాడు. ఆయన ఆయనకే ఉత్తరం రాసుకుంటాడు. ముప్పై రోజుల్లో జవాబిచ్చుకుంటాడు. అందాకా సాక్ష్యం కరగకూడదు. తొమాబెచి రంపంతో ఆ గీత ఉన్న ఐసును పలకలా కోసి, రేవులో చేపల గిడ్డంగికి మోసుకెళ్లాడు. కానాగంత చేపల పెట్టెల మధ్య పెట్టి, పైన "చేప కాదు" అని చీటీ అంటించాడు. మినోరి రోజూ బడి నుంచి వస్తూ గిడ్డంగిలోకి తొంగి చూసి, తన గెంతు ఉందో లేదో చూసుకుని వెళ్లేది. సెందాయ్ పోటీ ఇరవయ్యో రోజున అయిపోయింది.

ముప్పయ్యో రోజున జవాబొచ్చింది. గీత పూర్తిగా తిరిగిందని సంఘం ఒప్పుకుంది. అయితే మార్కులు గీతకు వేయలేదనీ, చూసినదానికి వేశారనీ, చూసినవాళ్లు అలాగే చూశారనీ, కాబట్టి స్కోరు మారదనీ తేల్చింది. ఇలాంటి మనస్తాపం ఇంకే పిల్లకూ కలగకూడదని కొత్త రూలు కూడా పెట్టింది: ప్రతి ఒక్కరి ఆట అవగానే, స్కోరు చెప్పకముందే, ఐసు నున్నగా చేసేయాలి.

మరుసటి ఏడాది అదే రింకులో మినోరి మళ్లీ ఆ గెంతే ఎగిరింది. ఆట ముగిసి బల్ల మీద కూర్చుని, స్కోరు పలక వైపు కాకుండా బండి వైపు చూసింది. తొమాబెచి ఆ మూలకి వెళ్లేసరికి బండి కాస్త నెమ్మదించింది. కింద కొడవలిలాంటి గీత, ఒకే వంపు. తల ఎత్తి పిల్ల వైపు చూసి అవునన్నట్టు ఊపబోయాడు. కంచె దగ్గర హోరిగొమె నీలం బిళ్లతో నిలబడి గడియారం చూస్తున్నాడు. బండి ముందుకు పోయింది.

స్కోరు వచ్చింది. గెంతు పక్కన చిన్న బాణం.

"తాతా," అంది మినోరి బండి ఆగాక, "ఈసారి మొత్తం తిరిగానా?"

"తిరిగావే."

"ఏదీ, చూపించు."

ఐసు అద్దంలా ఉంది. ఆ ఏడాది దాని మీద ఒక్క ఫిర్యాదూ రాలేదని సంఘం తొమాబెచికి ప్రశంసాపత్రం ఇచ్చింది.