ఎడమపొయ్యి సంగ్రామమున బొమ్మాస్త్ర ప్రయోగము

స్వస్తి! ఎడారిగాలి రేపిన ధూళిపటలమున సూర్యబింబమే పసుపుముద్దయై తోచు శుక్రవార ప్రభాతమున, అరబ్బునేలపై గోదాములకు నెలవైన సులైబియాలో, పద్దెనిమిదిమంది కార్మికవీరులకు ఏకైకాధారమైన క్యాంపు వంటగదియందు, కుడిపొయ్యి చెడి మూడునెలలు గడువగా మిగిలిన ఎడమపొయ్యికై జరిగిన ఘోరసంగ్రామమును వినుడు!

ఆ క్యాంపు ధర్మమొక్కటే. గురువారము పని దిగివచ్చి ఎవడు ముందుగా పొయ్యిపై ఖాళీగిన్నె నిలుపునో, శుక్రవారమంతయు పొయ్యి వానిదే. ఆ ధర్మమునే కవచముగా ధరించి, కడపమండల సంజాతుడు, సంగటిప్రియుడు, ఎముకలగూడువంటి దేహమున గుబురుమీసమే సర్వసంపదగాగల గురప్ప, ఐదువారములుగా పొయ్యిని వీడలేదు. పాపము, జగిత్యాల శూరుడు భూమేశ్ ఐదువారములూ ఖుబ్జు రొట్టెతో పచ్చడి నంజుకొనెను. కోడికూర కలలోకి రాసాగెను.

ఇట్లుండగా గోదాములో పాత ఇటలీ పింగాణీ పెట్టె విప్పుచుండ, పళ్లెములకు చుట్టిన సచిత్రపత్రికల చినిగిన పుటలు అతని కంటబడెను. వానిలో శత్రురాజు బానపొట్టతో, జారులాగుతో పరుగెత్తుచుండెను.

“ఇదేందే శ్యామన్నా?”

“యుద్ధమప్పటి బొమ్మలురా. పగోన్ని గిట్ల నవ్వులపాలు జేత్తె మనోళ్లకు భయం పోతదని అచ్చేసిండ్రు,” అనెను స్టోర్‌కీపర్ శ్యాంసుందర్.

“గట్లనా? అయితే గురప్ప ఖలాస్!”

అని గర్జించి భూమేశ్, అట్టముక్కపై మార్కరుతో, పొయ్యిని కౌగిలించిన కొండంత బొజ్జను, సంగటిలో మునిగిన మీసములను లిఖించి, శుక్రవారమున ఫ్రిజ్ తలుపునకు అంటించెను. సేనలు పొట్టలు పట్టుకొని నవ్వెను.

అంతలో గురప్ప వచ్చెను. నవ్వులన్నియు ఆగిపోయెను. అతడు బొమ్మను చాలసేపు చూచెను. పిమ్మట బొమ్మకు ఫోటో తీసి ఇంటనున్న ఇల్లాలికి పంపి, ఫోను చేసి స్పీకరులో పెట్టెను.

“రెడ్డెమ్మా, సూసినావా?”

అటునుండి నవ్వు. ఆగని నవ్వు.

“ఏమ్యా! తిండిమానేసి ఎండిపోయినావని నేను దిగులుతో సస్తాంటే, బొమ్మలోనన్నా నీకు కడుపొచ్చిందే! ఎవురు గీసినారో ఆ అబ్బిని సల్లగుండమని చెప్పు.”

ఆమె నవ్వి నాలుగునెలలైనది. గురప్ప మెల్లగా తన గిన్నెను దించెను.

“తీసుకో భూమేశూ, పొయ్యి నీదే. వచ్చేవారం బొజ్జ ఇంకొంచెం పెద్దదెయ్యి.”

జయము! జయము! పగవానిని నవ్వులపాలు చేయబోయి వాని ఇల్లాలిని నవ్వించిన ఆ మహావీరుడు, పదిగంటల ఇరువది నిమిషములకు ఎడమపొయ్యిని ముట్టించెను. కోడికూర ఉడికెను. తొలిముక్క గురప్ప పళ్లెములో వేసి, “తినే అన్నా, నా బొమ్మ అబద్ధం గావద్దు,” అనెను.