చేపకు ముద్దు పెట్టండి, తినకండి!

చేప తినడానికే పుట్టిందని మీకెవరు చెప్పారు? అది ముద్దు పెట్టుకోవడానికి పుట్టింది! నా మాట మీద నమ్మకం లేకపోతే కెనడా తూర్పు కొసన ఉన్న మా సెయింట్ జాన్స్ రేవుకొచ్చి చూడండి.

ఊరికే అనడం లేదు. రేవు వీధి పబ్బులో పదకొండేళ్లుగా ఈ ముద్దుల కార్యక్రమం నడిపిస్తున్నది నేనే. పసుపు రంగు వానకోటు తొడుక్కుని, గడ్డకట్టిన కాడ్ చేపను రెండు చేతులా పట్టుకుని నిలబడతాను. ఓడ దిగిన టూరిస్టు ఒక గుక్క రమ్ము తాగి, దాని మూతి మీద ఒక ముద్దు పెడితే చాలు, అచ్చంగా మా న్యూఫౌండ్‌లాండ్ దీవి మనిషేనని సర్టిఫికెట్ రాసిచ్చేస్తాను. ఐదు నిమిషాల పని!

మా తాతముత్తాతల తెలివి చూడండి. వందల ఏళ్లు ఈ కాడ్‌నే పట్టారు, చీల్చారు, ఉప్పేశారు, ఎండబెట్టారు, ఓడలకొద్దీ యూరప్‌కు పంపారు. ఈ రాజధాని, ఈ చర్చీలు, షావుకార్ల మేడలు, అంతా దాని పుణ్యమే. ఇప్పటికీ మా ఊళ్లో చేప అంటే కాడే, మిగతావాటిని పేరు పెట్టి అడగాల్సిందే. ఇంత చేసి ఒక్కడైనా దానికి ముద్దు పెట్టాడా? విశ్వాసం లేని మనుషులు!

తొంభై రెండులో చేప అడుగంటింది. ప్రభుత్వం వేట ఆపేసింది. ఊరంతా ఏడ్చింది. ఎందుకండీ ఏడుపు? ఒక చేపను ఒక్కసారే తినగలం. మరి ముద్దో? నా చేప ఒక్కటే ఈ వేసవిలో నాలుగు ఓడల జనాన్ని భరించింది! పైగా అది మా సముద్రంలోది కూడా కాదు, ఎక్కడో దూరదేశం నుంచి అట్టపెట్టెలో వచ్చింది. అభివృద్ధి అంటే ఇంకెలా ఉంటుంది?

ఇంత చక్కటి ఏర్పాటుకు అడ్డుపడ్డవాడు మా పక్కింటి లియాండర్ బాబాయి. వేట ఆగాక పడవ అమ్ముకున్న ముసలాయన. ఆగస్టులో ఒక మంగళవారం, పబ్బు నిండా జనం ఉండగా తిన్నగా నా దగ్గరికొచ్చాడు. ఆయన భార్య డ్రూసీ పిన్నిని ఆస్పత్రి వాళ్లు ఇంటికి పంపేశారు, ఇక చేసేదేమీ లేదన్నారు. వారం నుంచి ఏమీ ముట్టని మనిషి, ఆ పొద్దున నోరు తెరిచి అడిగిందట: ఉడికించిన తాజా చేప ముక్క, పైన కాస్త వేయించిన పంది కొవ్వు.

వేట ఆపేశాక, మాలాంటివాళ్లు ఇంటికోసం చేప పట్టుకోవడానికి ప్రభుత్వం శని, ఆది, సోమవారాలే ఇచ్చింది, అదీ వేసవిలోనే, మనిషికి రోజుకు ఐదు. మంగళవారం పడితే నేరం. బాబాయి కొట్లన్నీ తిరిగాడు, ఎక్కడా తాజాది లేదు.

"ఒరేయ్, నీ చేతిలో చేప ఉందిగా. ఇచ్చెయ్," అన్నాడు.

"ఇది తినేది కాదు బాబాయ్! దీనికి ఎంతమంది ముద్దులు పెట్టారో లెక్కే లేదు."

"మూతికేగా పెట్టింది? తల కోసి నువ్వే ఉంచుకో. కిందిది నాకియ్యి."

ఇచ్చాను. ఆ సాయంత్రం టూరిస్టులు ఉత్త తలకే ముద్దులు పెట్టారు. ఒక్కరూ తేడా కనిపెట్టలేదు.

పిన్ని మాత్రం కనిపెట్టింది. ఒక ముక్క నోట్లో పెట్టుకుని పళ్లెం పక్కకు తోసేసింది.

"ఏమయ్యా, ముప్పై ఏళ్లు చేప కోసినదాన్ని, నన్నే ఏమారుద్దామనుకున్నావా? వద్దులే. శనివారం దాకా ఆగుతాను," అంది.

చట్టమంటే అంత గౌరవం ఆవిడకి. కానీ ఆగలేకపోయింది. శుక్రవారం మధ్యాహ్నం పోయింది.

శనివారం తెల్లవారగానే బాబాయి ఎవరిదో పడవ అడిగి తీసుకుని, కొడుకునూ వెంటబెట్టుకుని సముద్రంలోకి వెళ్లాడు. చట్టప్రకారం తలా ఐదు పట్టుకొచ్చారు. పలకరించడానికి వచ్చినవాళ్లందరికీ తనే ఉడికించి, పైన కొవ్వు వేయించి వేసి వడ్డించాడు. అంత తాజా చేప తిని నాకు ఎన్నేళ్లయిందో! సిగ్గు విడిచి చెబుతున్నాను, పళ్లెం ఖాళీ చేసేశాను. బాబాయి చూశాడు. ఇంకో ముక్క తెచ్చి వేశాడు.

"తినరా. అది మీ పిన్ని వాటా," అన్నాడు.

తిన్నాను.