బయటికొచ్చాకే తలుపు తీస్తారట!

అయ్యా, వైద్యం ఆలస్యమవడమంత ఆరోగ్యకరమైన విషయం ఈ లోకంలో ఇంకోటి లేదు! నవ్వకండి. సీరియస్‌గానే చెబుతున్నాను.

మా బావ లిఫ్టు మెకానిక్. నిరుడు నిచ్చెన మీంచి పడి నడుం విరగ్గొట్టుకున్నాడు. ఆసుపత్రి కింది అంతస్తులో నొప్పి మాత్రల కిటికీ ఉంది. అబ్బో, ఏం చురుకు! బావ "అమ్మా" అని మూలిగేలోపే మాత్రలు చేతిలో పడ్డాయి. నల్లమందు జాతివట. మూడు నెలల్లో నొప్పి పోయింది, మాత్రలు పోలేదు. ఒక్కపూట మానితే చెమటలు, వాంతులు, వణుకు. పానా పట్టుకుంటే చేతిలో నిలవదు.

చుట్టాలంతా "మనసు గట్టి చేసుకో, అదే పోతుంది" అన్నారు. పెదనాన్న కూడా అదే అన్నాడు, పొట్టలో ఇన్సులిన్ పొడుచుకుంటూ.

దీనికి మందుంది. అదే ఆసుపత్రిలో, నాలుగో అంతస్తులో. "ఇది జబ్బమ్మా, బుద్ధి లేకపోవడం కాదు. మందు వాడితే మామూలుగా పనికెళ్తాడు" అని డాక్టరమ్మ చెప్పిన రోజు అక్క చాన్నాళ్ళకు నవ్వింది. ఆ నవ్వు ఆ అంతస్తు మందుల కిటికీ దాకానే.

"నలభై రోజులాగాలి. వచ్చేటప్పుడు ఏడు రోజులు మాత్ర ముట్టలేదని సర్టిఫికెట్ తేవాలి" అన్నాడు గుమాస్తా.

"ముట్టకుండా ఉండగలిగితే మీ దగ్గరికెందుకొస్తాడండీ?" అంది అక్క.

"రూలమ్మా."

చూశారా దూరదృష్టి! ఈ పద్ధతి అన్నిచోట్లా రావాలి. జ్వరం తగ్గినవాడికే జ్వరం మాత్ర. ఈతొచ్చినవాణ్ణే నీళ్ళలోంచి లాగాలి. మంటలు ఆరాయని రాసిస్తేనే ఫైరింజన్ కదలాలి. ఎన్ని నీళ్ళు ఆదా!

ఆ నలభై రోజుల్లో బావ ఆరు కిలోలు తగ్గాడు, డైటింగ్ లేకుండానే. ఒకరోజు బాత్రూములో మాత్రలు ఎక్కువై పెదాలు నీలంగా మారి పడి ఉంటే, అక్క తలుపు బద్దలుకొట్టింది. ఆవిడకీ వ్యాయామమైంది. ఆ రోజు మాత్రం నాకు జోకులు తోచలేదు, భయమేసింది.

నలభయ్యో రోజు వెళ్ళాం. సర్టిఫికెట్ లేదు. "మళ్ళీ చివర్నించి రండి" అని పేరు జాబితా అడుగున రాసేసి, గుమాస్తా భోజనానికి లిఫ్టెక్కాడు. రెండంతస్తులు దిగాడో లేదో, లిఫ్టు ఆగిపోయింది. లోపల్నించి ఒకటే కేకలు!

బావ మెట్లు దిగి, తలుపుకి నోరు ఆనించాడు.

"పేరు రాసుకున్నానండీ. నలభై రోజులాగండి. ఏడు రోజులు బయట తిరిగినట్టు సర్టిఫికెట్ తెస్తే తలుపు తీస్తా."

"ఊపిరాడట్లేదయ్యా! చచ్చిపోతాను!"

"రూలండీ."

అన్నాడే గానీ, అప్పటికే జేబులోంచి లిఫ్టు తలుపు తాళంచెవి తీశాడు. చేతులు వణుకుతుంటే రెండు చేతులా పట్టుకుని తిప్పాడు. పది నిమిషాల్లో తలుపు తెరుచుకుంది. గుమాస్తా చెమట తుడుచుకుని, థాంక్స్ చెప్పి, భోజనానికి వెళ్ళిపోయాడు.

మా బావ ఇంకా లోపలే ఉన్నాడు. ఎవరైనా తలుపు తియ్యండయ్యా!