ఓవర్‌సీర్ గారి నాలుగు ఎర్ర చేపలు

ఆ రోజు కురుమయ్య చేయవలసిన పని ఒక్కటే. చేపలను చూస్తూ కూర్చోవడం.

పంతొమ్మిది వందల అరవై మూడో సంవత్సరం. నల్లగొండలో ఓవర్‌సీర్ బాలస్వామి ఇంట్లో ఒక గాజుతొట్టి ఉండేది. అందులో బొటనవేలంత ఎర్ర చేపలు నాలుగు. హైదరాబాదులోని పెద్ద ఇంజనీరు ఇచ్చినవి. కరెంటు డబ్బా ఒకటి గుర్రుమంటూ తొట్టిలోకి గాలి పంపితే బుడగలు లేచేవి. ఆ మధ్యాహ్నం పెద్ద ఇంజనీరు భోజనానికి వస్తున్నాడు. కురుమయ్య కొలువు పక్కా చేసే కాగితం మీద దస్తకతు పెట్టవలసింది కూడా ఆయనే. తొమ్మిదేళ్లుగా కురుమయ్య కచ్చా నౌకరే.

"బుడగలు ఆగొద్దు కురుమయ్యా. ఆగితే చేపలు సస్తయి. చేపలు సస్తే నీ కాగితం గూడ సస్తది" అని చెప్పి ఓవర్‌సీర్ పెద్ద సారును తేవడానికి జీపెక్కాడు.

జీపు మలుపు తిరిగింది. కరెంటు పోయింది.

కురుమయ్య లేచాడు, కూర్చున్నాడు, మళ్లీ లేచాడు. చెంబుతో నీళ్లు ముంచి పైనుంచి పోశాడు. బుడగలు వచ్చాయి. చెయ్యి ఆగితే బుడగలూ ఆగాయి. చాలాసేపు అట్లాగే పోశాడు. భుజం గుంజింది. చేపలు పైకొచ్చి నోళ్లు తెరుస్తున్నాయి. వీధిలోకి ఉరికి, సైకిల్ దుకాణం మెహమూద్‌ను గాలిపంపుతో సహా పట్టుకొచ్చాడు.

"చేపకు గాలి కొట్టుడేంది భాయ్? పంచరైందా?"

"నవ్వకు. కొట్టు."

మెహమూద్ కొట్టాడు. బుడగలు జోరుగా లేచాయి. వాటితో పాటు పంపులోని నూనె కూడా వచ్చింది. నీళ్ల మీద నెమలి రంగులు తేలాయి.

"రంగులు మంచిగనే ఉన్నయ్ గద" అని మెహమూద్ పంపు చంకన పెట్టుకున్నాడు. "దుకాణంల గిరాకీ ఉంది. పోతున్న."

నీళ్లు మార్చక తప్పలేదు. అంతవరకు చేపలను ఎక్కడ పెట్టాలి? వంటింటి గడప దగ్గర తోమిన ఇత్తడి గిన్నె కనిపించింది. అందులో వేసి, తొట్టి ఒంపి, బావి నీళ్లు మోశాడు. కడవ దించుతుంటే ఓవర్‌సీర్ భార్య శ్యామలమ్మ కేక వినిపించింది. మరుగుతున్న చారు పొయ్యి మీది నుంచి దించి, గిన్నెలోకి ఒంపబోయి ఆగిందామె.

"కురుమయ్యా! నా చారుగిన్నెల చేపలేంది?"

"జర సేపమ్మా."

"జర సేపైతే ఉడుకుతుండె! తియ్!"

చేపలు తొట్టిలోకి, చెంబు చేతిలోకి మళ్లీ వచ్చాయి. అప్పుడే కురుమయ్య భార్య సోమమ్మ సద్ది తెచ్చింది.

"ఏం జేస్తున్నవ్?"

"చేపలకు గాలి పోస్తున్న."

"మన బాయిల ఎవలు పోస్తున్నరు?"

కురుమయ్య చెయ్యి ఆగింది. వాళ్ల బావిలో కొర్రమట్ట చేప ఉంది. పురుగూ పుట్రా తిని నీళ్లు పాడవకుండా చూస్తుందని, వాళ్ల వాడలో ఎవరు బావి తవ్వినా ఒక కొర్రమట్టను వేస్తారు.

"అది తోక కొడితే నీళ్లు కదులుతయి, నీళ్లు కదిలితే గాలి కలుస్తది. దాన్కి కరెంటు ఎవలిచ్చిన్రు?" అంది సోమమ్మ.

కురుమయ్య చెంబు ఆమె చేతిలో పెట్టి ఉరికాడు. గంటలో కొర్రమట్టతో వచ్చాడు. నల్లగా, జానెడుంది. తొట్టిలో పడగానే తోక కొట్టింది. నీళ్లన్నీ కదిలాయి.

"సూసినవా?" అంది సోమమ్మ.

ఇద్దరూ అరుగు మీద కూర్చొని సద్ది తిన్నారు. కురుమయ్య లోపలికి తొంగి చూస్తే ఎర్రవి మూడే ఉన్నాయి.

"ఇంకోటి రాయెన్క దాగినట్టుంది" అంది సోమమ్మ.

చెయ్యి కడుక్కొని వచ్చేసరికి రెండు. తొట్టి అడుగునున్న రాయి ఎత్తి చూశాడు. దాని కింద ఏమీ లేదు. తల ఎత్తేసరికి ఒకటి, అదీ సగమే. ఆ సగం కొర్రమట్ట నోటి బయట ఉంది.

డబ్బా గుర్రుమంది. కరెంటు వచ్చింది. బుడగలు లేచాయి. వాకిట్లో జీపు ఆగింది.

పెద్ద ఇంజనీరు నేరుగా తొట్టి దగ్గరికి వచ్చి చాలాసేపు చూశాడు. ఓవర్‌సీర్ కురుమయ్యను చూశాడు.

"నేనిచ్చినవి ఏవయ్యా?"

అబద్ధం వెతకడానికి కురుమయ్యకు వ్యవధి లేదు. "దాని కడుపుల ఉన్నయ్ సార్."

"కురుమయ్యా!" అని ఓవర్‌సీర్ అరిచాడు.

"నువ్వాగు బాలస్వామీ. ఇదేం చేప?"

"కొర్రమట్ట సార్. బాయిది."

"కరెంటు పోతే?"

"పైకొచ్చి గాలి మింగి పోతది. దాన్కి డబ్బాతోని పనిలేదు."

పెద్ద ఇంజనీరు కుర్చీలో కూలబడ్డాడు. "మా ఇంట్ల కరెంటు పోయినప్పుడల్లా ఒక చేప సస్తుండె. ఒక్కోదానికి మా ఇంటామె మూడు రోజులు అన్నం ముట్టకపోతుండె. ఆ బాధ పడలేకనే బాలస్వామీ, మిగిలిన నాలుగు నీకిచ్చిన."

విస్తరి ముందు కూర్చోకముందే కాగితం తెప్పించుకొని దస్తకతు పెట్టాడు. పోయేటప్పుడు ఇంటామె కోసం కొర్రమట్టను బిందెలో వేయించి, జీపులో తన పక్కనే పెట్టించుకున్నాడు.

బుడగలు ఆపమని ఎవరూ చెప్పలేదు గనుక, పక్కా నౌకరు కురుమయ్య మర్నాడు కూడా ఖాళీ తొట్టి ముందు కూర్చున్నాడు. ఆ నెలంతా కరెంటు ఒక్కసారీ పోలేదు.