గొడుగుల సైన్యంపై అప్‌డేట్ విజయం

అప్‌డేట్‌ను తిట్టేవాళ్లకు కృతజ్ఞత లేదు! ఈ మాట అన్నందుకు మీరు నన్ను కొట్టడానికి వచ్చినా సరే, అక్కడే నిలబడి మరోసారి అంటాను.

పొద్దున్నే కంప్యూటర్ ఆన్ చేయగానే 'దయచేసి ఆపకండి' అంటూ చక్రం తిరుగుతూ ఉంటుంది చూశారూ, ఆ కాసేపట్లోనే కదా ఆఫీసుల్లో మనుషులు ఒకరి మొహం ఒకరు చూసుకునేది? మా పక్క సీటాయనకు మీసం ఉందన్న సంగతి నాకు అలాగే తెలిసింది. నిన్నటిదాకా బుద్ధిగా పనిచేసిన ప్రింటర్ ఇవాళ మొరాయిస్తుంది. కాగితం ఎంత ఆదా! బటన్లన్నీ రాత్రికి రాత్రే చోటు మారిపోతాయి. ఈ వయసులో మెదడుకు ఇంత వ్యాయామం ఇంకెవరు చేయిస్తారు?

వీటన్నిటినీ మించిన మేలు ఒకటుంది. అప్‌డేట్ పాత గేముల పీడ విరగడ చేస్తుంది. పెద్ద కంపెనీల గేములు కావు, అభిమానులు చేసిన గేములు. ఒకప్పుడు కుర్రాళ్లు ఏదో గేము ఆడి, పిచ్చెక్కి, అందులోని హీరోను ఎత్తుకొచ్చి సొంతంగా ఇంకో గేము కట్టేవాళ్లు. చేయమని అడిగినవాడు లేడు, కొన్నవాడు లేడు. సీడీల్లో ఎక్కించి స్నేహితులకు పంచేవాళ్లు. ఇంతకన్నా దండగమారి పని ఉంటుందా?

మా బావమరిది ఆ బాపతు నేరస్థుడే. ఇప్పుడంటే కళ్లద్దాల షాపు పెట్టుకుని పద్ధతిగా బతుకుతున్నాడు గానీ, కాలేజీ రోజుల్లో గేములు తయారుచేసే సాఫ్ట్‌వేర్ ఒకటి సంపాదించాడు. అందులో కోడ్ రాయక్కర్లేదు. బొమ్మను లాక్కొచ్చి పెట్టడం, 'ఇది దాన్ని తగిలితే అది పడిపోవాలి' అని చెప్పడం, అంతే. డబ్బు కట్టకుండా వాడుకునేవాళ్లకు అందులో దొరికే బొమ్మలు మాత్రం గొడుగు, టీ కెటిల్, మేఘం. రాక్షసుడు లేడు. మావాడు గొడుగును తిరగేసి, రెండు కళ్లు పెట్టి, రాక్షసుడన్నాడు. సైన్యం కావాల్సి వచ్చినప్పుడు గొడుగులే గొడుగులు. సేనాధిపతి కాస్త పెద్ద గొడుగు.

హీరో దూకినప్పుడల్లా 'హుప్' అని వినిపించేది మా ఆవిడ గొంతు. తమ్ముడి కోసం మైకు ముందు నిజంగానే గెంతి రికార్డు చేయించిందట. పెళ్లయ్యాక నా కోసం ఒక్కసారి గెంతిన పాపాన పోలేదు.

ఇంత చెత్తను కొత్త కంప్యూటర్ ఎందుకు మోయాలి, చెప్పండి?

మొన్నామధ్య సెలవు రోజున బావమరిది వాళ్లింటికి వెళ్లాం. మూడో తరగతి చదివే వాళ్లమ్మాయి మూతి ముడుచుకుని కూర్చుంది.

"మా నాన్న గేము చేశాడని క్లాసులో చెప్తే అందరూ నవ్వారు మామయ్యా. నాన్న చేసేది కళ్లద్దాలేగా? నాకెందుకు అబద్ధం చెప్పాడు?"

మావాడి మొహం చూడలేకపోయాను. "అబద్ధమేంటే, ఇప్పుడే చూపిస్తా రా" అని కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. అది కెమెరాతో అతన్ని చూసి, గుర్తుపట్టి, పేరు పెట్టి పలకరించింది. సీడీలోంచి దింపుకున్న గేమును నొక్కాడు. అప్‌డేట్ అయిన కంప్యూటర్ కదా, వెంటనే అడ్డం పడింది: 'ఈ ప్రోగ్రామ్‌ను తయారుచేసిన వారెవరో తెలియదు. మీ భద్రత కోసం నిలిపివేశాం.'

తయారుచేసినవాడు దాని ఎదురుగానే కూర్చున్నాడు! ఇప్పుడే పేరు పెట్టి పిలిచింది కూడా! అయినా మొహమాటపడలేదు. ఇంతటి నిష్పక్షపాతం ఏ కోర్టులో దొరుకుతుంది?

పిల్ల కూడబలుక్కుని చదివింది. "చూశావా నాన్నా, ఎవరో తెలీదంట."

"అది కాదమ్మా..." అన్నాడు మావాడు. మళ్లీ నొక్కాడు. మళ్లీ అదే మాట వచ్చింది. నాకు ఒళ్లు మండిపోయింది. అప్‌డేట్ మీద కాదు లెండి, ఆ గదిలో ఫ్యాను సరిగ్గా తిరగడం లేదు.

లోకంలో పనీపాటా లేనివాళ్లు కొందరున్నారు. మూలపడ్డ సాఫ్ట్‌వేర్లను వెతికి దాచి, వాటిని నడిపించే చిన్న చిన్న ప్రోగ్రాములు రాసి ఊరికే పంచుతుంటారు. కొత్త కంప్యూటర్‌ను పాతదేనని నమ్మించడం వాటి పని. మోసం! పచ్చి మోసం! మా ఆవిడ అలాంటిదొకటి వెతికి పట్టుకొచ్చి ఎక్కించింది. "నీ భద్రత సంగతి తర్వాత చూద్దాంలేరా, నొక్కు" అంది తమ్ముడితో.

గొడుగులు దిగాయి. పిల్ల ఆడటం మొదలుపెట్టింది. 'హుప్' వినగానే "అత్తా, ఇది నువ్వే!" అని అరిచింది. ఆ వెంటనే తండ్రిని అనుమానంగా చూసింది. "గొంతు అత్తదే. నువ్వే చేశావని ఏంటి గ్యారంటీ?"

అంతలో ఒక గోడ అడ్డొచ్చింది. ఎంత దూకినా పిల్ల దాటలేకపోయింది.

"వెనక్కి తిరిగి దూకు" అన్నాడు మావాడు.

దూకింది. హీరో గోడలోంచి దూరిపోయి అవతల పడ్డాడు!

"నీకెలా తెలుసు?"

"అక్కడ నేను తప్పు చేశానమ్మా. మొహం తగిలితే ఆపమని చెప్పా గానీ, వీపు సంగతి మర్చిపోయా. నా ఫ్రెండ్సంతా అది రహస్య మార్గం అనుకుని తెగ మెచ్చుకున్నారు. నేనూ కాదనలేదు."

పిల్ల ఆట ఆపేసి తండ్రినే చూసింది. "అయితే నువ్వే చేశావు నాన్నా" అంది.

పాఠకులారా, అప్‌డేట్ల గురించి నేనన్న మాట ఒక్కటీ వెనక్కి తీసుకోను. వాటిలోనూ తప్పులుంటాయి. ఆ తప్పులు దిద్దడానికి ఇంకోటి వస్తుంది, దాన్ని దిద్దడానికి మరోటి వస్తుంది. ఇన్నేళ్లుగా ఒక్కటీ వదలకుండా అన్నీ ఎక్కించుకున్నాను. "అక్కడ తప్పు చేసింది నేనే" అనే మనిషి మాత్రం ఇంతవరకు నాకు దొరకలేదు.