పాత్రలో ఉన్నారు

ప్రఖ్యాత నటుడు డెస్మండ్ ప్రూయిట్ గారికి ఈ ఏటి ఉత్తమ నటుడి పురస్కారం ప్రకటించగానే సభలోని మేమందరం లేచి నిలబడి చప్పట్లు కొట్టామని తెలియజేయడానికి సంతోషిస్తున్నాను. చాలాసేపు కొట్టాం. అరచేతులు మండినవాళ్లు కూడా ఆపలేదు. కెమెరా ఎప్పుడు ఎవరి మొహం మీదికి తిరుగుతుందో తెలియదు. అది తిరిగినప్పుడు కూర్చుని ఉన్నవాడికి మా లాస్ ఏంజిలెస్‌లో మళ్లీ వేషం దొరకదు. నేను వేషాలు వేసేవాణ్ణి కాను, బర్‌బ్యాంక్‌లో ఒక స్టూడియో ప్రచార శాఖలో ప్రకటనలు రాసుకు బతికేవాణ్ణి. అయినా లేచాను. చుట్టూ అందరూ లేచాక నేనొక్కణ్ణీ కూర్చోవడానికి నాకేం పోయేకాలం.

పురస్కారం తెచ్చిపెట్టిన సినిమా పేరు "అన్నకొకటి". రెండు కిడ్నీలూ పాడైపోయిన అన్నకి తన కిడ్నీ ఒకటి ఇచ్చే తమ్ముడి కథ. ఈ దేశంలో ఆ సినిమా చూసి ఏడవనివాడు లేడని మా శాఖ ప్రకటించింది. ఆ ప్రకటన రాసింది నేనే కనక అది నిజమని హామీ ఇవ్వగలను.

ప్రూయిట్ గారి జీవితం గురించి కొంత చెప్పుకోవాలి. ఆయనది బేకర్స్‌ఫీల్డ్. అమ్మానాన్నలు చిన్నప్పుడే పోతే అన్న వర్న్ టైర్ల కొట్టు నడిపి ఆయన్ని డెజ్ అని ముద్దుగా పిలుచుకుంటూ పెంచాడు. నటన నేర్చుకుంటానంటే లాస్ ఏంజిలెస్ పంపాడు. ఇంతవరకూ మామూలు సంగతే. ప్రతిభ ఆ తర్వాత బయటపడింది. మిగతా నటులు పొద్దున వేషం వేసుకుంటారు, సాయంత్రం తీసేసి ఇంటికి పోతారు. ప్రూయిట్ గారు ఒకసారి వేషంలోకి వెళ్లారంటే సినిమా పూర్తయ్యేదాకా బయటికి రారు. దీన్ని మా ఊళ్లో "పాత్రలో ఉండడం" అంటారు. గొంతు తగ్గించి, గుళ్లో ఉన్నట్టు అంటారు.

గుడ్డివాడి పాత్రకి ఆయన కళ్లకి గంతలు కట్టుకుని తిరిగారు. అలాగే కారు కూడా నడిపారని గిట్టనివాళ్లు చెప్పుకుంటారు, అది అబద్ధం. డ్రైవరు పక్కన కూర్చుని ఎటు తిప్పాలో చెప్పారు, అంతే. బస్సు డ్రైవరు పాత్రకి నిజం బస్సే నడిపారు. ఆ పాత్రకి మనసులో ఏదో వేదన ఉందట, అందుచేత స్టాపుల్లో ఆపలేదు. పాసడీనాలో డ్యూటీకి వెళ్లాల్సిన నర్సులు సముద్రపు ఒడ్డున దిగి, ఆయనతో ఫోటోలు తీయించుకుని, ధన్యులమయ్యామన్నారు. మౌనవ్రతం పట్టిన సన్యాసి పాత్రకి ఏడాదిపాటు నోరు విప్పలేదు. ప్రజలకి ఆయన చేసిన సేవల్లో అదే గొప్పదని నా అభిప్రాయం. ఇల్లు లేనివాడి పాత్రకి నడివీధిలో గుడారం వేసుకుని పడుకున్నారు. ముందు ఇద్దరు కాపలావాళ్లు, వెనక ఒక వంటవాడు. అక్కడ ఏళ్ల తరబడి పడుకుంటున్నవాళ్లని పోలీసులు ఇంకో వీధికి తోలేశారు. వాళ్లు చూడ్డానికి నమ్మబుద్ధయ్యేలా లేరని దర్శకుడు అన్నాడట.

ఆయన పాత్రలో ఉన్నన్నాళ్లూ సొంత పేరుతో ఎవరూ పిలవకూడదు. ఫోన్లు పాత్ర పేరు మీదే రావాలి, పలకరింపులు పాత్ర పేరుతోనే జరగాలి. ప్రూయిట్ అనే మనిషి ఆ కొన్ని నెలలూ భూమ్మీద లేనట్టే. కాఫీ ఇచ్చే అమ్మాయి ఒకసారి పొరపాటున "మిస్టర్ ప్రూయిట్" అంది. ఆయన వెనక్కి తిరిగి ఆ పేరు గలాయన ఎక్కడున్నాడో అని మర్యాదగా వెతికారు. ఆ అమ్మాయి మర్నాడు పనిలో లేదు.

ఇలా ఉండగా బేకర్స్‌ఫీల్డ్‌లో వర్న్‌కి కిడ్నీలు పోయాయి. నిజం కిడ్నీలు, నిజంగానే పోయాయి. డయాలసిస్ మొదలుపెట్టారు. పరీక్షలు చేయిస్తే తమ్ముడి కిడ్నీ అన్నకి చక్కగా సరిపోతుందని తేలింది. ప్రూయిట్ గారు వెంటనే ఒప్పుకున్నారు. ఇది వెటకారం కాదు, ఆసుపత్రి గదిలో అన్నని కావలించుకుని వెక్కివెక్కి ఏడ్చారు. అదే గదిలో ఆయన ఏజెంటు ఫ్రేడా ఓస్టర్‌మన్ గారు కూడా కళ్లు తుడుచుకున్నారు. ఇంత మంచి దృశ్యం జరుగుతోంది, ఒక్క కెమెరా లేదు.

"ఇది ఇలా వృథా పోకూడదు" అన్నారావిడ.

అలా "అన్నకొకటి" పుట్టింది. కథ తయారయ్యాక ప్రూయిట్ గారు స్వయంగా అన్న ఇంటికి భోజనానికి వెళ్లి విషయం చెప్పారు.

"ముందు సినిమాలో ఇస్తాను అన్నయ్యా. ఇవ్వడం అంటే ఏమిటో లోపల్నించి తెలుస్తుంది. ఆ తర్వాత నీకిచ్చేటప్పుడు మనస్ఫూర్తిగా ఇవ్వగలుగుతాను. ఇప్పుడే ఇచ్చేస్తే ఏదో మొక్కుబడిగా ఇచ్చినట్టుంటుంది."

"ఒరేయ్ డెజ్," అన్నాడు వర్న్, "నాకు మనస్ఫూర్తి వద్దురా. కిడ్నీ చాలు."

ఈ మాట రచయితకి బాగా నచ్చి సినిమాలో పెట్టాడు. హాల్లో అక్కడ అందరూ హాయిగా నవ్వుతారు.

షూటింగ్ మొదలైంది. ప్రూయిట్ గారు సినిమాలో తమ్ముడు కెల్విన్ డూలీ అయిపోయారు. అన్న మీద బెంగతో తమ్ముడు చిక్కి శల్యమవ్వాలి కనక ఆయన తిండి మానేశారు, నీళ్లు తగ్గించారు, ఒంట్లో ఉన్న నీరు పోవడానికి మాత్రలు మింగారు. కిడ్నీ ఇవ్వబోయేవాడు ఒళ్లు కాపాడుకోవాలి కదా అని సెట్లో సలహాకి పెట్టుకున్న డాక్టరు గొణిగాడు. దర్శకుడు ఆ డాక్టర్ని జాలిగా చూసి, మీకు ప్రేమంటే తెలియదన్నాడు.

ఒకరోజు వర్న్ భార్య నోరీన్ ఫోన్ చేసింది. ప్రూయిట్ గారి సహాయకురాలు ఎత్తింది.

"డెజ్ ఉన్నాడామ్మా? వాళ్ల వదినని."

"ఆ పేరు గలవారు ఇక్కడ ఎవరూ లేరండీ. కెల్విన్ డూలీ గారున్నారు."

"ఎవరో ఒకళ్లు. ఇంక ఆగితే లాభం లేదంటున్నాడు డాక్టరు. అది చెప్పు."

"ఆయన పాత్రలో ఉన్నారండీ."

"పాత్రలో ఉన్నాడా. అయితే కాస్త మూత తీసి చెప్పమ్మా, బయట వాళ్లన్న పోయేలా ఉన్నాడని."

సహాయకురాలు ఈ సంగతి ఎవరికి చెప్పాలో తెలియక ఫ్రేడా గారికి చెప్పింది. ఫ్రేడా గారు ఎంతో బాధపడి, ఈ సమయంలో పాత్ర చెదిరితే మళ్లీ కుదురుకోవడం కష్టమని, షూటింగ్ అయ్యాక తీరిగ్గా చెబుదామని అన్నారు. కళకి సేవ చేసేవాళ్లు తమ దుఃఖాన్నే కాదు, ఎదుటివాళ్ల దుఃఖాన్ని కూడా దిగమింగుకోవలసి ఉంటుంది.

నోరీన్ ఊరుకోలేదు. మొగుణ్ణి పికప్ ట్రక్కులో కూర్చోబెట్టుకుని, కొండదారి దాటించి బర్‌బ్యాంక్ తీసుకొచ్చింది. మా స్టూడియో గేటు దగ్గర కాపలావాడు వర్న్ పాలిపోయిన మొహం చూసి, రోగుల గుంపులో వేషానికి వచ్చాడనుకుని లోపలికి పంపేశాడు. మేకప్ ఆవిడ అతని కాళ్ల వాపు చూసి పెదవి విరిచింది. "ఇంత అతి చేస్తే జనం నమ్మరండీ" అంది.

ఆసుపత్రి సెట్టు బ్రహ్మాండంగా వేశారు. నిజం ఆసుపత్రిలో అంత వెలుతురు ఎక్కడా ఉండదు. మంచం మీద తెర అన్నయ్య, అంటే సినిమాలో అన్న వేషం వేసినాయన, పడుకుని శాండ్‌విచ్ తింటున్నాడు. పక్కన ఎముకల గూడులా ప్రూయిట్ గారు కూర్చున్నారు. ఆ పూట ప్రచారానికి రాసుకోవడానికి వెళ్లి నేనూ అక్కడే ఉన్నాను.

"ఒరేయ్ డెజ్" అన్నాడు వర్న్.

సెట్టంతా బిగుసుకుపోయింది. ప్రూయిట్ గారు తలెత్తి చూశారు.

"మీరెవరో నాకు తెలీదండీ. నా పేరు కెల్విన్ డూలీ."

వర్న్ కుర్చీ పట్టుకుని నిలబడి కాసేపు ఊపిరి తీసుకున్నాడు. తమ్ముడి చిన్నప్పటి పెంకితనాలు ఎన్ని భరించాడో, దీన్నీ అలాగే భరించాడు.

"సరే డూలీ గారూ. మా తమ్ముడొకడు నాకు కిడ్నీ ఇస్తానన్నాడు. ఇటువైపే వచ్చాడని విన్నాను. మీకేమైనా కనిపించాడా?"

ప్రూయిట్ గారి కళ్లు నిండిపోయాయి. ఆ నీళ్లు ప్రూయిట్ గారివో డూలీ గారివో నాకు ఇప్పటికీ తెలియదు, అడిగే ధైర్యం అక్కడ ఎవరికీ లేదు.

"మీ బాధ నాకు తెలుసండీ. నాకు చేతనైతే నేనే ఇచ్చేవాణ్ణి. కానీ నాది మా అన్నయ్యకి మాటిచ్చేశాను," అని శాండ్‌విచ్ తింటున్నాయన్ని చూపించారు. "ఆయనకొకటి ఇచ్చేస్తే నాకు మిగిలేది ఒక్కటే. అదీ మీకిచ్చేస్తే నేనెలా బతకను చెప్పండి?"

"ఆయనకేం రోగం?" అంది నోరీన్. "నాలుగు రోజుల తిండి ఒక్కసారే తింటున్నాడు."

దర్శకుడు ఆనందం పట్టలేక చప్పట్లు కొట్టాడు. మిగతావాళ్లూ కొట్టారు. ఇంత గట్టి పరీక్షలో కూడా పాత్ర చెదరలేదు. పైగా వర్న్ ఆయాసం చూసి దర్శకుడికి ఒక ఆలోచన వచ్చింది. కిడ్నీలు పోయినవాడు ఎలా కూర్చుంటాడో, ఎలా లేస్తాడో తెర అన్నయ్యకి కాస్త నేర్పించమని బతిమాలాడు. ఇలాగైనా తమ్ముడి దగ్గర కాసేపు ఉండొచ్చుననుకుని కాబోలు, వర్న్ ఒప్పుకున్నాడు. సాయంత్రందాకా ఓపిగ్గా నేర్పాడు. "కాళ్లు అలా ఎత్తకు బాబూ, అవి నీవి కానట్టుంటాయి" అని చెప్పాడు. ఈ ఏటి ఉత్తమ సహాయ నటుడి పురస్కారం ఎవరికి వచ్చిందో మీరు ఊహించే ఉంటారు.

షూటింగ్ ముగిసిన రోజున ప్రూయిట్ గారు పాత్రలోంచి బయటికి వచ్చారు. విషయం తెలిసి నెత్తీనోరూ కొట్టుకున్నారు, ఆ రాత్రికి రాత్రే బేకర్స్‌ఫీల్డ్ పరుగెత్తారు. ఇదీ వెటకారం కాదు. డాక్టర్లు ఆయన్ని మళ్లీ పరీక్ష చేశారు. మాత్రలకీ పస్తులకీ ఆయన కిడ్నీలే దెబ్బతిన్నాయనీ, వీటిని ఇంకొకరికి ఇచ్చే సంగతి మరిచిపోయి, బతికున్నంతకాలం జాగ్రత్తగా వాడుకోమనీ చెప్పారు. అన్నకి కిడ్నీ ఇచ్చే పాత్రలో అంతలా లీనమై, అన్నకి కిడ్నీ ఇవ్వడానికి పనికిరాకుండా పోయిన నటుడు ప్రపంచంలో మరొకడు లేడు. "పాత్ర కోసం సర్వస్వం అర్పించిన కళాకారుడు" అని నేను పత్రికలకి రాశాను. ఆ ఒక్క వాక్యానికే పురస్కారానికి చాలా ఓట్లు పడ్డాయని మా శాఖ అంచనా.

సినిమా విడుదలైంది. బేకర్స్‌ఫీల్డ్ డయాలసిస్ కేంద్రంలో కూడా టీవీలో వేశారు. యంత్రాలకి తగిలించిన రోగులు పడుకుని చూశారు, నర్సు నిలబడి చూసింది. తమ్ముడు స్ట్రెచర్ మీద నవ్వుతూ లోపలికి వెళ్లే చోట ఆవిడ ఆగలేక ఏడ్చేసింది.

"నీకూ అలాంటి తమ్ముడుంటే ఎంత బావుండేది వర్న్" అంది.

"ఉన్నాడమ్మా," అన్నాడు వర్న్. "పాత్రలో ఉన్నాడు."

పురస్కార సభలో ప్రూయిట్ గారు చేసిన ప్రసంగం చరిత్రలో నిలిచిపోతుంది. "ఈ గౌరవం నాది కాదు. ఇది లోకంలోని తమ్ముళ్లందరిదీ. మనం ఒకరికొకరం ఏమిస్తామన్నదే మనిషితనం. ఇవ్వండి. మనసు విప్పి ఇవ్వండి" అన్నారు. మేమంతా లేచి నిలబడ్డామని మొదట్లోనే మనవి చేశాను.

ఆ మాటలు నోరీన్ టీవీలో విన్నది. అమాయకురాలు, నిజమనుకుంది. ఆ శనివారం బేకర్స్‌ఫీల్డ్‌లో "అన్నకొకటి" ఆడుతున్న థియేటరు గుమ్మం బయట చిన్న బల్ల వేసుకుని కూర్చుంది. అవయవాలు ఇస్తామనేవాళ్లు పేరు రాసి పోవడానికి ఒక పుస్తకం, ఒక కలం, ఏడ్చేవాళ్ల కోసం ఒక పేపర్ రుమాళ్ల పెట్టె పెట్టుకుంది. ఆట వదిలారు. జనం ముక్కులు ఎగబీలుస్తూ వచ్చారు. రుమాళ్లు తీసుకున్నారు, థాంక్స్ చెప్పారు. ఒకావిడ ఆమె చెయ్యి పట్టుకుని, ఇలాంటి సినిమాలు ఇంకా రావాలంది. ఒకాయన ప్రూయిట్ గారు ఈ ఊరివాడేనట కదా, ఇల్లెక్కడని అడిగాడు. పెట్టె ఖాళీ అయింది. కలం మూత పెట్టింది పెట్టినట్టే ఉంది.

వర్న్ వసంతం రాకుండానే పోయాడు. నోరీన్ మళ్లీ ఫోన్ చేసింది. అప్పటికి ప్రూయిట్ గారు కొత్త సినిమాలో ఉన్నారు, తోబుట్టువులు లేని ఏకాకి కథ. సహాయకురాలు ఎంతో నొచ్చుకుంటూ, ఆయనకి అన్నదమ్ములెవరూ లేరండీ అని చెప్పింది. అంత్యక్రియలకి మా స్టూడియో తరఫున కెల్విన్ డూలీ పేరు మీద పెద్ద పూలచక్రం పంపాం. కార్డు మీద నాలుగు మాటలు నేనే రాశాను. చదివినవాళ్లంతా ఏడ్చారట.

మీకూ ఇక్కడికి వచ్చేసరికి గొంతు పట్టుకున్నట్టుంది, కదా. సంతోషం. రుమాలు ఎటూ చేతిలోనే ఉంది. నోరీన్ ఇప్పటికీ శనివారాలు ఆ బల్ల దగ్గరే కూర్చుంటుంది, అలాంటి బల్లలు మీ ఊళ్లోనూ ఉంటాయి. కలం దాకా చెయ్యి రావడం లేదంటే కంగారు పడకండి. మీరు కూడా పాత్రలో ఉన్నారు, అంతే.